సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టర్ కొనేవాళ్ళకు హెచ్చరిక: గేరు జారే బండి నాకు అంటగట్టారు

పోయిన వేసవిలో బత్తాయి తోట కోసం 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ కొన్నాను. పాత బండ్లు అమ్మే యార్డులో 3,40,000 రూపాయలు పెట్టి తెచ్చాను. మీటర్‌లో 1,100 గంటలు ఉంది. కొత్త పెయింటు, కొత్త ముందు టైర్లు. యార్డులోనే పది నిమిషాలు తిప్పి చూశాను. మోత లేదు, గేర్లు మెత్తగా పడ్డాయి. ఆ పది నిమిషాలు నమ్మడమే నేను చేసిన తప్పు.

మూడో వారంలో ట్రాలీ నిండా పశువుల ఎరువు వేసుకుని చెరువు కట్ట దిగుతున్నాను. మూడో గేరు దానంతట అదే న్యూట్రల్‌కి వచ్చేసింది. ఇంజిన్ పట్టు పోగానే వెనక నుంచి ట్రాలీ తోసుకొచ్చింది. మడ్‌గార్డు మీద మా తమ్ముడి కొడుకు కూర్చుని ఉన్నాడు. ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరుగా ఉండే రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి లాక్ వేసి ఉంది కాబట్టి బండి పక్కకు తిరగలేదు, తూము దగ్గర ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లల్ని మడ్‌గార్డు మీద ఎక్కించడం ఆ రోజుతో మానేశాను.

యార్డువాళ్ళకు ఫోన్ చేస్తే, 'లివర్ దగ్గర స్ప్రింగ్ లూజు, చిన్న పని' అన్నారు. గేరును పట్టి ఉంచే స్ప్రింగ్, గుండు మార్పించాను, 1,800 అయింది. పన్నెండు రోజులు బాగానే ఉంది, మళ్ళీ జారింది. ఈసారి గేరును జరిపే ఫోర్కు అన్నారు, 9,500. రోటవేటర్ వేసిన రెండో రోజే మళ్ళీ అదే కథ. అప్పటికి యార్డువాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు.

చివరికి మా ఊళ్ళో పాత మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లివర్ ముట్టుకోలేదు. కింద తట్ట పెట్టి గేర్‌బాక్స్ డ్రెయిన్ నట్టు విప్పాడు. ఆయిల్ పాలు కలిపిన టీలా వచ్చింది. వరి మడి దమ్ములో బండిని లోతు నీళ్ళలో దింపినప్పుడు సీళ్ళ గుండా నీరు లోపలికి పోయిందన్నాడు. నట్టుకున్న అయస్కాంతానికి వెండి రంగు నుసి గుబురుగా పట్టి ఉంది. అందులో గోరంత గేరు పన్ను ముక్క ఒకటి దొరికింది. దాన్ని ఇప్పటికీ దాచిపెట్టాను. మోత వినపడకుండా చిక్కటి ఆయిల్ పోశారని కూడా ఆయనే చెప్పాడు. చల్లగా ఉన్నంతసేపు అది మోతను మింగేస్తుంది, వేడెక్కి పలచబడితే అసలు సంగతి బయటపడుతుంది. యార్డులో నేను పట్టుకోలేకపోయింది అందుకే.

బండిని రెండుగా విడదీసి చూస్తే మూడో గేరు పళ్ళ అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి, షాఫ్టు బేరింగ్ ఊగుతోంది. పన్నుకు అంచు లేకపోతే పట్టు ఎక్కడిది? స్ప్రింగ్ ఎన్నిసార్లు మార్చినా అది నిలవదు. గేర్లు, బేరింగులు, సీళ్ళు, ఆయిల్, కూలీ కలిపి 46,000 అయింది.

మరో సంగతి, కొత్త ముందు టైర్లు చూసి సంబరపడకండి. ఫోర్ వీల్ బండికి ముందు, వెనక టైర్ల సైజులు కంపెనీ లెక్క ప్రకారమే ఉండాలి. నా బండికి వేరే సైజు వేశారు. ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద నడిపితే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన తిరగాలని చూస్తాయి, ఆ బిగువంతా గేర్ల మీదే పడుతుంది. టైరు పక్కన రాసి ఉన్న సైజును బండి పుస్తకంతో సరిచూసుకోండి.

కొనేముందు బండిని కనీసం గంట వేడెక్కనివ్వండి. తర్వాత లోడు ట్రాలీ తగిలించి, చదునైన ఖాళీ రోడ్డు మీద ఒక్కో గేరులో కాసేపు లాగించి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదలండి. అరిగిన గేరు అప్పుడే జారుతుంది. వాలులో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. డ్రెయిన్ నట్టు విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకండి. నోటి మాటగా ఇచ్చిన గ్యారంటీ నాకు ఎందుకూ పనికిరాలేదు, గేర్‌బాక్స్ సంగతి రసీదు మీద రాయించుకోండి. బండి మీద ఫైనాన్స్ ఉందేమో ఆర్‌సీలో చూడటం మరిచిపోవద్దు. ఇప్పటికే నాలాగా ఇరుక్కున్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లులు, పాత విడిభాగాలు పారేయకండి.

పోయిన ఆదివారం అదే యార్డులో మా పక్క ఊరి రైతు ఒకాయన ఇలాంటి బండికే 50,000 అడ్వాన్సు ఇవ్వబోతూ నన్ను పిలిచాడు. వెళ్ళి ఆ పన్ను ముక్క చూపించి, ముందు నట్టు విప్పించమన్నాను. యార్డువాళ్ళు కుదరదన్నారు. ఆయన డబ్బు మళ్ళీ చొక్కా లోపల పెట్టుకుని నా బండి మీదే ఇంటికి వచ్చేశాడు.