ప్రత్తిపాడు వైపు పల్లెలో ఫైబర్ ఇంటర్నెట్: పదిహేను నెలల అనుభవం

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో, స్థానిక కేబుల్ ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ కనెక్షన్‌ను పదిహేను నెలలుగా వాడుతున్నాను. నెలకు 590 రూపాయలు, 40 ఎంబీపీఎస్ ప్లాను. తెల్లవారుజామున ఐదింటికి కొలిస్తే 37 దాకా వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు, వైఫై మీద అనుమానం లేకుండా బాక్సు నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా వైరు పెట్టి కొలిచినా, మూడు దాటడం లేదు. కొన్ని రాత్రులు ఒకటిన్నర దగ్గరే ఆగిపోతోంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. ఊరంతా ఇంటికి చేరే వేళకు మాకు ఆ కనీసం కూడా నమ్మకంగా అందడం లేదు.

మా అమ్మాయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయవలసిన రాత్రి ఇది బాగా తెలిసొచ్చింది. ఒక్కో స్కాన్ ఒక ఎంబీ లోపే ఉన్నా, సగం ఎక్కగానే పేజీ లాగవుట్ అయ్యేది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చేది. డాబా ఎక్కి ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించినా లాభం లేకపోయింది. పదకొండు వరకు కూర్చుని, ఆ పిల్ల ఏడుపు మొహంతో పడుకుంది. తెల్లవారి ఐదింటికి లేపితే అన్నీ పది నిమిషాల్లో ఎక్కాయి. గడువు ఆ రోజు సాయంత్రం వరకు ఉండబట్టి సరిపోయింది.

ఫిర్యాదు చేస్తే ఆఫీసులో ప్రతిసారీ "లైన్లో ప్రాబ్లం ఉందండీ" అనేవారు. లైన్‌మన్ వచ్చి, బాక్సు నుంచి పచ్చ కనెక్టరు ఊడదీసి, తీగలో వచ్చే కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటరుకు తగిలిస్తే మైనస్ 21 డీబీఎం చూపించింది. మైనస్ 27 కన్నా దిగజారనంత వరకు లైను బాగున్నట్టే. పైగా జీపాన్ పద్ధతిలో, అంటే ఒకే ఫైబర్ పోగును చాలా ఇళ్లకు పంచే పద్ధతిలో, ఒక పోగు మీద సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు వస్తాయి. దాన్ని 64 ఇళ్లకు పంచి, అందరూ ఒకేసారి వాడినా ఇంటికి 38 ఎంబీపీఎస్ దాకా రావాలి. అంటే కొరత మా వీధిలో లేదు. కనెక్షన్లు పెరుగుతున్నా ఆపరేటరు పై కంపెనీ నుంచి ఊరంతటికీ కలిపి తీసుకునే బ్యాండ్‌విడ్త్ (మొత్తం నెట్ సామర్థ్యం) పెంచకపోవడంలో ఉంది. లైన్‌మన్ కూడా చివరికి "పైనుంచే తక్కువ వస్తుందండీ" అని ఒప్పుకున్నాడు. ఊళ్లోవాళ్లు అతన్ని తిట్టడం న్యాయం కాదు.

నిజానికి మెచ్చుకోవలసింది అతన్నే. కళ్లాల నుంచి ఎత్తుగా మిరప బస్తాలు వేసుకొచ్చిన ట్రాక్టరు, స్తంభాల మీది తీగను రెండుసార్లు తెంపింది. రెండుసార్లూ బాక్సులో ఎర్ర లైటు వెలిగిన కొద్ది గంటల్లోనే వచ్చి జాయింటు వేసి వెళ్లాడు. కరెంటు పోయినప్పుడు కూడా నెట్ నిలవాలంటే మాత్రం బాక్సుకు చిన్న 12 వోల్టుల యూపీఎస్ మనమే కొనుక్కోవాలి.

పగలు పని చేసుకునేవారికి ఈ కనెక్షన్ చాలు. రాత్రి చదువుకునే పిల్లలున్న ఇంటికి నేను సిఫారసు చేయలేను. తీసుకోదలచినవారు ముందుగా అదే వీధిలో కనెక్షన్ ఉన్న ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి డౌన్‌లోడుతో పాటు అప్‌లోడు కూడా కొలిచి చూడండి. తగ్గింపు ఇస్తామన్నా ఏడాది డబ్బు ఒకేసారి కట్టకండి. నేను కట్టాను, ఇంకా ఐదు నెలలు మిగిలి ఉన్నాయి, డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదంటున్నారు.