ఎనిమిదేళ్లు తుడిచాక మా హోటల్ నేల

మాది హనుమకొండలో పన్నెండు టేబుళ్ల హోటల్. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు. 2017లో తెరిచినప్పుడు హాల్లో ఐవరీ రంగు పాలిష్డ్ విట్రిఫైడ్ టైల్స్ వేయించాను. అద్దంలా మెరిసేవి. ఫొటోల్లో ఎంత బాగుండేవో! రెండో వానాకాలంలో చేతులు కడిగే చోట మా సర్వర్ సాంబారు బకెట్‌తో సహా జారాడు. మోచెయ్యి దాకా బొబ్బలెక్కింది. వారం సెలవిచ్చి, డాక్టర్ ఫీజు కట్టి, అప్పుడు బుద్ధి తెచ్చుకున్నా.

2019లో ఆ టైల్స్ పీకించి, మట్టిరంగు మీద చిన్న చిన్న చుక్కలున్న మ్యాట్ టైల్స్ వేయించాను. ఈసారి షాపులో ఒక పలక కింద పెట్టమని, దాని మీద నీళ్లు, రెండు చుక్కల నూనె పోసి, నా చెప్పులతోనే రుద్ది చూశాను. షాపాయన వింతగా చూశాడు, చూడనీ. కొన్ని టైల్ పెట్టెల మీద ఆర్9, ఆర్10 అని రాసి ఉంటుంది కదా, అది కూడా ఇలాంటి పరీక్షే. నూనె పోసిన వాలు బల్ల మీద మనిషిని బూట్లతో నడిపించి ఇచ్చే రేటింగ్ అది. జారకుండా పట్టు ఇవ్వడంలో ఆర్9 కనిష్ఠం, ఆర్13 గరిష్ఠం. హాలుకి ఆర్10 తీసుకున్నా. ఇంకా గరుకైనదైతే మురికి పట్టుకుని వదలదు, తుడిచే ఆమె మనల్ని తిట్టుకుంటుంది.

ఇన్నేళ్లలో టైల్స్ కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది వాటి మధ్య సందు. మొదటిసారి మామూలు సిమెంటు గ్రౌట్ నింపించాను. పసుపు, నూనె పీల్చుకుని ఆరు నెలల్లో నల్లగీతలు. అవి పోవాలని మేం యాసిడ్ వాడాం. యాసిడ్ గీతల్ని వదిలి గ్రౌట్‌ని తినేసింది. గుంటల్లోంచి నీళ్లు దిగి, బేసిన్ పక్కన నాలుగు పలకలు కదిలాయి. వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు. రెండోసారి ఎపాక్సీ గ్రౌట్ పట్టుబట్టి వేయించాను. అది రెండు రసాయనాలు కలిపి పూసేది. గట్టిపడేలోపు పైన తుడిచెయ్యాలి, లేకపోతే పలక మీద మసకలా అంటుకుపోతుంది. అందుకే మేస్త్రీ సణిగాడు, కూలి కూడా ఎక్కువ అడిగాడు. ఇచ్చాను. ఇప్పటికీ సబ్బునీళ్లతో తుడిస్తే గీత అసలు రంగు మళ్లీ కనిపిస్తుంది. బడ్జెట్ తక్కువైతే టైల్‌లో తగ్గించుకోండి, ఇందులో కాదు.

వంటింట్లో మొదటి నుంచీ తాండూరు నీలం బండలే, పాలిష్ పట్టించకుండా. పందొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు ధబేల్మని దించారో లెక్కలేదు. ఒక్క బండ మూల మాత్రం చిట్లింది. అయితే అది సున్నపురాయి, పులుపంటే పడదు. మజ్జిగ, చింతపండు రసం, నిమ్మకాయలు పడ్డచోటల్లా తెల్లటి మచ్చలు. వంటింట్లో ఎవరు చూస్తారులే అని ఊరుకున్నా. కస్టమర్లు కూర్చునే చోటైతే నేను వెయ్యను. నిజంగా బాధపడేది వాలు విషయంలో. నీళ్లు పోయే జాలీ ఒక మూల పెట్టించి, నేల వాలు ఇంకోవైపు వదిలేశాం. రోజూ రాత్రి గ్రైండర్ పక్కన నిలిచిన నీళ్లను వైపర్‌తో తోస్తూనే ఉన్నాం. మేస్త్రీ డబ్బులు తీసుకుని వెళ్లకముందే ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడాల్సింది.

గుమ్మం దగ్గర నల్ల గ్రానైట్ ఉంది. పొద్దున్నే ముగ్గు పడితే కళ్లు తిప్పుకోలేం, మధ్యాహ్నానికి దుమ్ములో ప్రతి అడుగూ కనిపిస్తుంది. వానలో కొబ్బరి పీచు పట్టా పరుస్తాం.

కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్‌లు ఏటా మారుస్తున్నాం. అవి ఊడిపోయిన ఒక కుర్చీ మూడో టేబుల్ కింద గీసిన గీత ఇప్పటికీ అలాగే ఉంది.

టైల్స్ కొన్నప్పుడు రెండు పెట్టెలు అదనంగా తీసుకున్నాను. తర్వాత ఎప్పుడో అదే డిజైన్ కోసం వెళ్తే, కంపెనీ ఆపేసిందన్నారు. మెట్ల కింద ఇంకా ఐదు పలకలున్నాయి. వాటి మీద ఉల్లిపాయల బస్తా పెట్టొద్దని మా వాళ్లకు రోజూ చెబుతున్నా.