పిల్లల బొమ్మల కథ, పెద్దల నవల: కొత్త పుస్తకాల సమీక్షకు ఏ పద్ధతి మేలు?

బల్ల మీద రెండు కొత్త పుస్తకాలు ఉన్నాయనుకుందాం. ఒకటి 32 పేజీల బొమ్మల కథ, రెండోది 400 పేజీల నవల. మొదటిది చదవడానికి పది నిమిషాలు చాలు. రెండోదానికి వారం కావాలి. రెండింటికీ సమీక్ష రాయాలి. ఏది కష్టం అని అడిగితే చాలామంది నవలే అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బొమ్మల కథను ఒకసారి తిరగేసి, రంగులు బాగున్నాయి, పిల్లలకు నచ్చుతుంది అని నాలుగు వాక్యాలు రాసి పక్కన పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలకే ఎక్కువ టెన్షన్ పడతాను. నవల విషయంలో నేనూ ఒక పాఠకుణ్ణే. బొమ్మల కథ దగ్గరికొచ్చేసరికి అసలు పాఠకులు వేరే ఉన్నారు. వాళ్ల తరఫున మాట్లాడే బాధ్యత నా మీద పడుతుంది.

పిల్లల కథల్ని సమీక్షించేవాళ్లు సాధారణంగా మూడు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుంటారు. కొందరు పెద్దల నవలకు వాడే కొలతబద్దనే దీనికీ వాడతారు. కొందరు పుస్తకం పిల్లలకు ఎలా పనికొస్తుందో చెబుతారు. ఇంకొందరు పిల్లలకు చదివి వినిపించి, వాళ్లేమన్నారో రాస్తారు. మూడూ చేసి చూశాను. మూడింట్లోనూ పనికొచ్చేది ఉంది కానీ, మూడూ సమానం మాత్రం కావు.

ఒకే కొలతబద్ద అన్నవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. పిల్లలదే కదా అన్న ఒక్క మాట చాటున ఎంత నాసిరకం సరుకు అచ్చయిందో చదివేవాళ్లకు తెలుసు. ప్రాస కోసం అర్థం లేని పదం ఇరికించడం, చివరి పేజీలో ఎవరో పెద్దాయన వచ్చి నీతి చెప్పి వెళ్లిపోవడం, దుఃఖమైనా సంతోషమైనా ఒకే రకం నవ్వు ముఖం బొమ్మలు. పెద్దల నవలలో ఇలాంటివి కనిపిస్తే చీల్చి చెండాడే సమీక్షకులు పిల్లల పుస్తకం దగ్గర చూసీ చూడనట్టు వదిలేస్తారు. అది పిల్లల మీద ప్రేమ అనుకుంటారు గానీ నాకు అందులో చిన్నచూపే కనిపిస్తుంది. ఒకే కొలతబద్ద పట్టుకుంటే ఆ చిన్నచూపు పోతుంది. పాత్ర నిలబడిందా, వాక్యం సాఫీగా నడిచిందా, ముగింపు కథలోంచి పుట్టిందా అని రెండు పుస్తకాల్నీ ఒకేలా నిలదీస్తాం.

అయితే ఆ కొలతబద్ద ఒక చోట పనిచేయదు. పెద్దల నవలలో ఒకే వాక్యం ఐదుసార్లు వస్తే విసుగు. నాలుగేళ్ల పాపకు ఆ ఐదోసారే పండగ. వాక్యం వస్తుందని ముందే తెలుసు, వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది, రాగానే మనతోపాటు అరుస్తుంది. అలాగే బొమ్మల పుస్తకంలో మాటలు సగం కథే చెబుతాయి. పిల్లి ఎక్కడా కనబడలేదు అని మాటల్లో ఉంటుంది, బొమ్మలో మాత్రం తెర కింద నుంచి తోక బయటకు వచ్చి ఉంటుంది. మాటలు చదివే అలవాటున్న పెద్దవాళ్లు ఆ తోకను దాటిపోతారు. చదవడం రాని పిల్లలకు ముందు కనిపించేది అదే. మాటల్ని మాత్రమే చదివి ఇందులో కథ పలచగా ఉందని రాసిన సమీక్ష నిజానికి సగం పుస్తకానికే సమీక్ష.

పేజీ తిప్పడం సంగతి ఇంకొంచెం చెప్పాలి. అచ్చులో పెద్ద కాగితాన్ని మడిచినప్పుడు పేజీలు 8, 16 చొప్పున కట్టలుగా వస్తాయి. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో ఉండటానికి కారణం అదే. పేరు పేజీ, వివరాల పేజీ వగైరా పోగా కథకు పన్నెండు నుంచి పద్నాలుగు జంట పేజీలు మిగులుతాయి. రచయితకు ఉన్న స్థలం అంతే. తలుపు వెనక ఎవరున్నారు అన్న ప్రశ్న కుడి పేజీ చివర వస్తే, జవాబు కోసం పేజీ తిప్పాలి. అదే ప్రశ్నా జవాబూ ఎదురెదురు పేజీల్లో ఉంటే, ప్రశ్న పూర్తయ్యేలోపే పిల్లల చూపు జవాబు మీద పడిపోతుంది. నవల సమీక్షలో అధ్యాయాల కూర్పు గురించి రాస్తాం కదా, బొమ్మల కథలో పేజీ తిరగడం గురించి అంత శ్రద్ధగా రాయాలి. చాలా సమీక్షల్లో దాని ఊసే ఉండదు.

ఇక ఉపయోగం చూసే పద్ధతి. ఏ వయసుకు, ఏ నీతి, ఎన్ని కొత్త మాటలు అన్నదే ఇందులో ప్రధానం. కొనేవాళ్లు అడిగేది ఇవే కాబట్టి తీసిపారేయలేం. కానీ పెద్దల నవలను పట్టుకుని ఇది ఏ మంచి అలవాటు నేర్పుతుంది అని ఎవరూ అడగరు. పిల్లలకు మాత్రం కథ అనగానే మందు సీసా మీద చీటీ అతికించినట్టు రాస్తాం. వయసు చెప్పేటప్పుడు కారణం కూడా చెబితే అది పనికొచ్చే సమాచారం. వాక్యాలు పొడుగ్గా ఉన్నాయా, కథ ముందుకీ వెనక్కీ నడుస్తోందా, భయపెట్టే బొమ్మ ఉందా అని రాస్తే తమ పిల్లలకు సరిపడుతుందో లేదో ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు. మూడింట్లోకీ ఈ పద్ధతినే నేను చివర పెడతాను. సమీక్ష చివర రెండు వాక్యాల చోటు దీనికి చాలు.

పిల్లల మాటే చివరి మాట అనే పద్ధతి వినడానికి న్యాయంగా ఉంటుంది. ఆచరణలో చిక్కులున్నాయి. నచ్చిందా అని అడిగితే పిల్లలు మన ముఖం చూసి, మనకు ఏం కావాలో అదే చెబుతారు. ఒక్క పాప అభిప్రాయం పిల్లలందరి అభిప్రాయం కాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మన గొంతే. పులిలా గాండ్రించి, ముసలమ్మలా వణికి చదివితే ఎంత చప్పటి కథైనా నిలబడుతుంది. అప్పుడు పిల్లలకు నచ్చింది పుస్తకమో మన నటనో తెలియదు. అందుకే నేను మామూలు గొంతుతో చదువుతాను. నచ్చిందా అని అడగను. ఏ పేజీ దగ్గర వెనక్కి తిప్పమన్నారు, ఎక్కడ లేచి వెళ్లిపోయారు, మర్నాడు అడగకుండానే పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టారా అన్నది గమనిస్తాను. మర్నాడు మళ్లీ అడగడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఆనవాలు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆన్ కారల్ మూర్ అనే లైబ్రేరియన్ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగాన్ని దశాబ్దాలపాటు నడిపారు. 1918 నుంచి ద బుక్‌మ్యాన్ పత్రికలో పిల్లల పుస్తకాల సమీక్షలు రాశారు. పిల్లల పుస్తకాలను గంభీరంగా సమీక్షించాలని పట్టుబట్టిన తొలితరం మనిషి. 1941లో ఆమె పదవీ విరమణ చేశాక కూడా ఆ లైబ్రరీలో ఆమె అభిరుచే చాలాకాలం చెల్లింది. 1947లో గుడ్‌నైట్ మూన్ అనే పిల్లల బొమ్మల పుస్తకం వచ్చినప్పుడు ఆ లైబ్రరీ దాన్ని కొనలేదు. 1972లో గానీ అది అక్కడి అరల్లోకి రాలేదు. ఈలోపు ఆ పుస్తకం ఇళ్లలో రాత్రిళ్లు పడకల మీద పదేపదే చదివించుకుంటూ వచ్చింది. పెద్దల కొలతబద్దతో చూస్తే అందులో కథంటూ పెద్దగా లేదు. గదిలో ఉన్న ఒక్కో వస్తువుకీ శుభరాత్రి చెప్పడమే. బాగా చదువుకున్న, పిల్లల్ని నిజంగా ప్రేమించిన మనుషులే ఆ పుస్తకం బలాన్ని పట్టుకోలేకపోయారు. అలవాటైన పెద్ద కళ్లతో ఒకసారి చదివితే తెలిసే బలం కాదది. ముప్పయ్యోసారి, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు తెలుస్తుంది.

పెద్దల నవల దగ్గర ఇంత తంటా లేదు. ఒంటరిగా చదివి, నాకు అనిపించింది కారణాలతో రాస్తే చాలు. సమీక్ష చదివేవాళ్లే నవలా చదువుతారు, మధ్యలో ఎవరూ లేరు. ఇక్కడ అసలు శత్రువు తొందర. పుస్తకం విడుదలయ్యే రోజుకే సమీక్ష రావాలని ఒత్తిడి ఉంటుంది. ముందుగా పంపే ప్రూఫ్ ప్రతిని, అంటే ఇంకా దిద్దుబాట్లు పూర్తికాని ప్రతిని చదివి రాయడం మామూలైపోయింది. తుది ప్రతితో పోల్చుకోకుండా రాస్తే ఏమవుతుందో తెలియాలంటే 1851 నాటి మోబీ డిక్ అనే నవల సంగతి వినాలి. లండన్‌లో అది ద వేల్ అన్న పేరుతో ముందు వచ్చింది. కథ చెప్పే మనిషి ఎలా బతికి బయటపడ్డాడో వివరించే చివరి భాగం ఆ ముద్రణలో లేదు. ఓడ మునిగి అందరూ పోతే ఈ కథ మనకు ఎవరు చెబుతున్నట్టు అని అక్కడి సమీక్షకులు తప్పుబట్టారు. వాళ్ల చేతిలో ఉన్నది అచ్చయిన పుస్తకమే, పాపం వాళ్లనేం అనలేం. కానీ చేతిలో ప్రూఫ్ ఉందని తెలిసి కూడా ముగింపు మీద తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బొమ్మల కథ ప్రూఫ్ అయితే ఇంకా ప్రమాదం. కొన్నిసార్లు బొమ్మలు గీతల దశలోనే ఉంటాయి. అలాంటి ప్రతి చూసి నేను సమీక్ష రాయను.

ముందుగా వచ్చే సమీక్షలన్నీ వృథా అనను. హార్పర్ అండ్ బ్రదర్స్ ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాల విభాగాన్ని నడిపిన వర్జీనియా కర్కస్ 1933లో మొదలుపెట్టిన సమీక్షల సేవ పని అదే. పుస్తకాలు బయటికి రాకముందే చదివి, ఏవి తెప్పించుకోవాలో దుకాణాలవాళ్లకు, లైబ్రరీలకు చెప్పడం. వాళ్లకు ఆ వేగం అవసరం. ఇంట్లో చదువుకునే మనిషికి సమీక్ష మూడు వారాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు. కాబట్టి ఎవరి కోసం రాస్తున్నామో దాన్నిబట్టి వేగం ఉండాలి. ఇళ్లలో చదివేవాళ్ల కోసం రాసేటప్పుడు నేను నవలను పూర్తిచేశాక నాలుగైదు రోజులు ఏమీ రాయను. ఆ తర్వాత మొదటి అధ్యాయం మళ్లీ చదువుతాను. ముగింపు తెలిశాక కూడా మొదటి అధ్యాయం పట్టు సడలకపోతే ఆ నవల గట్టిదని నా లెక్క. బొమ్మల కథకు కనీసం రెండు వారాలు, వేరువేరు పిల్లలతో మూడు నాలుగు సార్లు పైకి చదవడం. పది నిమిషాల పుస్తకానికి అంత సమయమా అంటారు. ఆ పుస్తకం ఇంట్లో బతికేది మళ్లీ మళ్లీ చదవడం మీదే, మరి సమీక్షకుడు ఒకసారి చదివి ఏం చెబుతాడు?

కథ బయటపెట్టే విషయంలో మాత్రం రెండింటికీ రెండు నియమాలు ఉండాల్సిందే. నవల మలుపు చెప్పేస్తే పాఠకుడి సొత్తు దోచినట్టే. పిల్లల బొమ్మల కథ సమీక్ష చదివేది పిల్లలు కాదు, వాళ్లకు చదివి వినిపించే పెద్దలు. కథలో తాతయ్య చనిపోతాడనో, తప్పిపోయిన కుక్క తిరిగి రాదనో వాళ్లకు ముందే తెలియాలి. ఒకసారి నేను ఆ సంగతి దాచి, కథలో ఒక బరువైన మలుపు ఉంది అని గుంభనంగా రాశాను. ఆ పుస్తకం కొన్న ఒక తల్లి తర్వాత చెప్పింది. ఇంట్లో పెద్దావిడ పోయి నెల కూడా కాలేదట, పడుకునే వేళ ఆ పేజీ ఎదురయ్యేసరికి తల్లీబిడ్డా ఇద్దరూ ఏడ్చేశారట. పుస్తకం మంచిదే, ముందే తెలిస్తే ఇంకో రోజు పగటిపూట చదివేదాన్ని అంది. అప్పటి నుంచీ దాచడం మానేశాను. పదేళ్లు దాటిన పిల్లలు తామే సమీక్షలు చదువుతారు కాబట్టి వాళ్ల నవలలకు ఆ వివరం చివర, ముందు హెచ్చరించి రాస్తాను.

స్టార్ల గురించి ఒక్క మాట. పెద్దల నవలకు మూడు స్టార్లు అంటే కనీసం ఒక మనిషి అభిప్రాయం. బొమ్మల కథకు మూడు స్టార్లు ఎవరివి, నావా, విన్న పిల్లలవా? జవాబు లేని లెక్క కాబట్టి నేను వేయను.

పేర్ల విషయంలో రెండు రకాల పుస్తకాలకూ ఒకే అన్యాయం జరుగుతోంది. బొమ్మలు వేసినవాళ్ల పేరు లేకుండా పిల్లల పుస్తకం సమీక్ష, అనువాదకుల పేరు లేకుండా అనువాద నవల సమీక్ష ఇప్పటికీ వస్తున్నాయి. వాక్యాలు ఎంత సాఫీగా ఉన్నాయో అని మెచ్చుకుంటూ, ఆ వాక్యాలు రాసిన అనువాదకుల ఊసు లేకపోతే ఆ మెప్పు ఎవరికి చేరినట్టు?

ఇంతకీ నా అభిప్రాయం ఏమిటంటే, నాణ్యత విషయంలో కొలతబద్ద ఒకటే ఉండాలి, పరీక్షించే తీరు మాత్రం మారాలి. నవలను ఒంటరిగా, పిల్లల కథను పిల్లల మధ్య పైకి చదివి చూడాలి. పిల్లలకూ నాకూ అభిప్రాయం కలవనప్పుడు రెండూ రాస్తాను, ఒకదాన్ని మరొకదానితో చెరిపేయను. ఈమధ్య అలాంటిదే ఒకటి వచ్చింది. పాటలా సాగే కథ, ప్రాస నాలుగైదు చోట్ల కుంటింది, నాకు చిరాకేసింది. విన్న పాప మాత్రం వరసగా నాలుగు రోజులు అదే అడిగింది. నాలుగో రోజు ఆమె వేలు ఎటు పోతోందో చూశాను. ప్రతి జంట పేజీలోనూ ఎక్కడో ఒక చిన్న నత్త ఉంది. మాటల్లో దాని ప్రస్తావనే లేదు. ఒక్కో పేజీకీ అది కాస్త కాస్త ముందుకు జరుగుతూ, చివరికి అందరికన్నా ముందే ఇల్లు చేరుతుంది. అప్పటికే రాసి పెట్టుకున్న సమీక్షను తెరిచి, ప్రాస మీద ఫిర్యాదును అలాగే ఉంచి, నత్త గురించి ఒక పేరా చేర్చాను. అది ఏ పేజీలో ఎక్కడ ఉందో మాత్రం రాయలేదు.