సొంత సైటుకు ఫైళ్లు ఎక్కించాలంటే ఏది మేలు: ఫైల్ మేనేజర్, ఎఫ్‌టీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ, ఆర్‌సింక్?

ఇంట్లో కంప్యూటర్ మీద తయారుచేసుకున్న సైటును హోస్టింగ్ సర్వర్‌కు (సైటును అందరికీ చూపించే కంప్యూటర్‌కు) ఎక్కించడానికి మామూలుగా నాలుగు దారులున్నాయి. కొత్తగా సైటు పెట్టుకునేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఎస్‌ఎఫ్‌టీపీ. ఎందుకో చెప్పేముందు ఒక మాట. చాలామంది మొదట అడిగేది "ఏది వేగం?" అని. వేగం చాలావరకు మీ ఇంటి నెట్ కనెక్షన్ చేతిలో ఉంటుంది. అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ దాటని పాత ఏడీఎస్ఎల్ లైన్ మీద 1 జీబీ పంపాలంటే రెండు గంటల పైనే పడుతుంది. 20 ఎంబీపీఎస్ ఫైబర్ మీద ఏడు నిమిషాల్లో అయిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా ఒక పెద్ద ఫైలుకు ఈ లెక్క పెద్దగా మారదు. అందుకే అడగాల్సిన ప్రశ్నలు వేరే రెండు. పాస్‌వర్డ్ దారిలో ఎవరి కంటైనా పడుతుందా? మధ్యలో కరెంటో నెట్టో పోతే సర్వర్ మీద ఏం మిగులుతుంది?

హోస్టింగ్ కంపెనీ ఇచ్చే సీప్యానెల్ లాంటి నియంత్రణ పేజీలో ఉండే ఫైల్ మేనేజర్ సంగతి తేలిక. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, దారిలో ఎవరూ చదవలేని హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది కాబట్టి పాస్‌వర్డ్‌కు రక్షణ ఉంటుంది. ఒకటి రెండు ఫైళ్లు మార్చడానికి చక్కగా సరిపోతుంది. మొదటిసారి సైటంతా ఎక్కించేటప్పుడు కూడా ఇది బాగా పనికొస్తుంది. ఒక్క వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీలోనే వేల చిన్న ఫైళ్లుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా పంపే బదులు ఒకే జిప్‌గా ఎక్కించి, సర్వర్ మీదే 'ఎక్స్‌ట్రాక్ట్' నొక్కితే పని అయిపోతుంది. రోజూ వాడాలంటే మాత్రం విసుగొస్తుంది. ఏ ఫైలు కొత్తది, ఏది పాతది అని మనమే గుర్తుపెట్టుకోవాలి. పెద్ద ఫైలు పంపుతుండగా నెట్ తెగితే సాధారణంగా మళ్లీ మొదటినుంచే.

ఇక ఎఫ్‌టీపీ, అంటే ఫైళ్లు పంపడానికి వాడే పాత పద్ధతి. దీని తొలి రూపం 1971 ఏప్రిల్ నాటిది. రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి, అప్పటికి అమెరికాలో ఎంఐటీలో ఉన్నారు. ఆనాటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలే. పాస్‌వర్డ్‌ను దాచి పంపాలన్న అవసరం ఎవరికీ తోచలేదు. ఆ పద్ధతి ఇప్పటికీ అలాగే ఉంది. మామూలు ఎఫ్‌టీపీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఫైలులోని సరుకు అంతా తెరిచిన అక్షరాల్లోనే వెళ్తాయి. మీరు కూర్చున్న హాస్టల్ వైఫైలో, రైల్వే స్టేషన్ వైఫైలో ఎవరైనా ఆ ట్రాఫిక్‌ను పట్టుకుంటే పాస్‌వర్డ్ చదువుకోవచ్చు. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి.

దానితో ఇంకో తలనొప్పి ఉంది. ఎఫ్‌టీపీ ఒక కనెక్షన్‌తో సరిపెట్టుకోదు. ఆదేశాలకు 21వ పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే అంకె ద్వారం), ప్రతి ఫైలుకూ, ఫోల్డర్ జాబితాకూ మళ్లీ వేరే కనెక్షన్. పాత 'యాక్టివ్' పద్ధతిలో ఆ రెండో కనెక్షన్ సర్వర్ నుంచి మీ ఇంటి వైపు రావాలి. ఇంట్లో రౌటర్ వెనక, పైగా మొబైల్ నెట్‌లో కంపెనీ పెట్టే మరో తెర వెనక, మీ కంప్యూటర్‌కు బయటి నుంచి నేరుగా చేరే చిరునామా ఉండదు. అందువల్ల లాగిన్ అయినట్టే కనిపిస్తుంది, ఫోల్డర్ జాబితా మాత్రం రాక అక్కడే ఆగిపోతుంది. రెండో కనెక్షన్ కూడా మీ వైపు నుంచే వెళ్లే 'పాసివ్' పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఎఫ్‌టీపీ ఈడుస్తూ నడవడానికీ కారణం ఈ కనెక్షన్ల గొడవే.

ఎస్‌ఎఫ్‌టీపీ పేరు దానికి దగ్గరగా ఉన్నా పుట్టుక వేరు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో నెట్‌వర్క్‌లో పొంచి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. దాంతో అక్కడి తాతు యులోనెన్, దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశాడు. ఆ ఎస్‌ఎస్‌హెచ్ లోపలినుంచి నడిచేదే ఎస్‌ఎఫ్‌టీపీ. అన్నీ ఒకే కనెక్షన్‌లో, మామూలుగా 22వ పోర్టులో, పాస్‌వర్డ్‌తో సహా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దారిలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తాయి. యాక్టివ్, పాసివ్ తగాదా లేదు. విండోస్ 10లో 2018 నుంచి దీని కమాండ్ లోపలే ఉంది. మౌస్‌తో లాగి వదలాలనుకుంటే ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ రెండూ ఉచితమే.

విండోస్ వాడేవాళ్లకు నా ఓటు విన్‌ఎస్‌సీపీకి. కారణం ఒక్కటే. ఫైల్‌జిల్లా మామూలుగా ఫైలును అసలు పేరుమీదే రాస్తూ పోతుంది. సైటు మొదటి పేజీ మారుస్తుండగా నెట్ పోయిందంటే సర్వర్ మీద పాత పేజీ ఉండదు, కొత్తది సగమే ఉంటుంది. ఆ సమయంలో వచ్చినవాళ్లకు విరిగిన పేజీ కనిపిస్తుంది. విన్‌ఎస్‌సీపీ 100 కేబీ దాటిన ఫైళ్లను ఎస్‌ఎఫ్‌టీపీలో ముందు 'ఫైల్‌పార్ట్' అనే తోకతో వేరే పేరుమీద పంపి, పూర్తిగా చేరాకే అసలు పేరు పెడుతుంది. తెగిపోతే ఆపినచోటి నుంచి మళ్లీ అందుకుంటుంది. ఈ హద్దును సెట్టింగ్స్‌లో తగ్గించి అన్ని ఫైళ్లకూ వర్తింపజేయవచ్చు, చేసుకోండి. మాక్, లినక్స్ వాళ్లకు విన్‌ఎస్‌సీపీ లేదు కాబట్టి ఫైల్‌జిల్లా సరే.

మొదటిసారి కనెక్టయినప్పుడు సర్వర్ వేలిముద్ర లాంటి పొడవాటి అక్షరాల వరస ఒకటి చూపించి "నమ్మమంటారా?" అని అడుగుతుంది. చదవకుండా సరే అనేయకండి. హోస్టింగ్ కంపెనీ తన సహాయ పేజీలో ఇచ్చినదానితో పోల్చుకోండి. ఆ తర్వాత ఎప్పుడైనా "వేలిముద్ర మారింది" అని హెచ్చరిక వస్తే, సర్వర్ మార్చారా అని కంపెనీని అడిగి తెలుసుకునేదాకా ముందుకు వెళ్లొద్దు.

మీ ప్లాన్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ ఇవ్వకపోతే ఎఫ్‌టీపీకే టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ తొడుగు వేసిన ఎఫ్‌టీపీఎస్ ఉంటుంది. ఫైల్‌జిల్లాలో 'ఎక్స్‌ప్లిసిట్ టీఎల్ఎస్ తప్పనిసరి' అన్నది ఎంచుకోండి. పాస్‌వర్డ్ బెడద తీరుతుంది, రెండు కనెక్షన్ల తిప్పలు మాత్రం మిగులుతాయి.

ఆర్‌సింక్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో ఆస్ట్రేలియాలో దీన్ని విడుదల చేశారు. రెండువైపులా ఉన్న ఫైళ్ల సైజు, తేదీ పోల్చి, మారినవే పంపుతుంది. మారిన ఫైలులోనూ అంతా పంపదు. సర్వర్ తన దగ్గరున్న పాత ఫైలును ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకు చెక్‌సమ్ (ఆ ముక్కను గుర్తుపట్టే చిన్న లెక్క) పంపుతుంది, మన కంప్యూటర్ వాటిని కొత్త ఫైలుతో సరిపోల్చి లేని ముక్కలనే పంపుతుంది. పెద్ద డేటాబేస్ బ్యాకప్‌లో నాలుగు వరసలు మారితే వెళ్లేది కొంచెమే. ఎడిట్ చేసిన జేపీజీ ఫొటోలో దాదాపు అంతా మారిపోతుంది కాబట్టి అక్కడ ఈ లాభం ఉండదు. అసలు పేరు పెట్టేముందు తాత్కాలిక పేరుతో రాయడం దీని సహజ పద్ధతి.

అడ్డంకి ఏమిటంటే సర్వర్ మీద ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్, ఆర్‌సింక్ రెండూ ఉండాలి. ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చవక షేర్డ్ హోస్టింగ్‌లో చాలాచోట్ల అది దొరకదు. విండోస్‌లో అయితే, దాని లోపలే లినక్స్‌ను నడిపించే డబ్ల్యూఎస్ఎల్ లాంటిది పెట్టుకోవాలి. రెండు ఉచ్చులున్నాయి. పంపే ఫోల్డర్ పేరు చివర వాలు గీత పెడితే లోపలున్నవి వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. 'డిలీట్' ఆప్షన్ ఇస్తే ఇంట్లో లేనివన్నీ సర్వర్ మీద చెరిగిపోతాయి. వర్డ్‌ప్రెస్‌లో రచయితలు నేరుగా ఎక్కించిన ఫొటోలు మీ ఇంటి కాపీలో ఉండవు, అవీ పోతాయి. అందుకే ముందు, నిజంగా ఏదీ మార్చని 'డ్రై రన్' ఇచ్చి ఏం జరగబోతోందో జాబితా చూసుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా ఫైలు పేర్ల సంగతి మీరే చూసుకోవాలి. విండోస్‌కు పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా పట్టదు, లినక్స్ సర్వర్‌కు పడుతుంది. ఇంట్లో కనిపించిన ఫొటో సైటు మీద కనిపించకపోతే ముందు అక్కడ చూడండి. తెలుగు పేర్లు ఇప్పటి సర్వర్ల మీద పనిచేస్తాయి గానీ, 'అమ్మ' అని పెట్టిన ఫైలు లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఆ రెండక్షరాలూ తరచు శాతం గుర్తులతో కలిపి 36 అక్షరాలవుతాయి. పేజీలో శీర్షిక తెలుగులో ఉంచుకుని, ఎక్కించే ముందే ఫైలు పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి.