విశాఖ నుంచి భీమిలి దాకా బీచి రోడ్డు: సైకిలు ప్రయాణికుడి సమీక్ష

విశాఖపట్నంలోని రామకృష్ణా బీచి నుంచి భీమునిపట్నం దాకా సముద్రాన్ని ఆనుకుని సాగే రోడ్డు పాతిక కిలోమీటర్లకు పైచిలుకు ఉంటుంది. సైకిలు తొక్కడం అంతగా అలవాటు లేనివారు కూడా ఒక ఉదయం పూట తాపీగా పూర్తి చేయగలిగిన దారి ఇది. ఎత్తుపల్లాలు తక్కువ, రోడ్డు వెడల్పు ఎక్కువ, దారి తప్పే అవకాశం అసలే లేదు. కుడిచేతి వైపు సముద్రం ఉన్నంతసేపూ మీరు భీమిలి వైపే వెళుతున్నట్టు. సూర్యోదయం కోసం ఇక్కడికి వచ్చేవారే ఎక్కువ. అయితే ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే ఏమవుతుందో, ఒడ్డు మీది ఇసుక ఎలా తరలిపోతుందో ఒకే ప్రయాణంలో చూపించడమే ఈ దారికున్న అసలు విలువ అని నా అభిప్రాయం.

బయలుదేరడానికి తెల్లవారుజామే తగిన సమయం. నడకకు వచ్చేవారి కోసం బీచి రోడ్డులో కొంత భాగాన్ని పొద్దున్నే వాహనాలకు మూసివేస్తారు కాబట్టి మొదటి రెండు మూడు కిలోమీటర్లు హారన్ల గోల లేకుండా సాగుతాయి. ఇక్కడే ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఇసుక మీద నిలబడి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ నౌకను 2002లో మ్యూజియంగా మార్చారు. దీనికి ప్రత్యర్థి అనదగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మాత్రం 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఇదే తీరానికి కొద్ది దూరంలో మునిగిపోయి నేటికీ సముద్రగర్భంలోనే ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడిలో మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు వల్లనో, తాము పరిచిన మందుపాతర వల్లనో మునిగిందని పాకిస్తాన్ వాదన. ఒడ్డు నుంచి చూస్తే నీరు తప్ప ఏమీ కనిపించదు. ఆ శకలం ఏ దిక్కున ఉందో చూపించే ఫలకం ఒకటి సైకిలు ఆపుకునే చోట ఉంటే బాగుండేది.

ఈ దారిలో ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. మ్యూజియం చూడడానికి కాదు, దాని కింది ఇసుకను చూడడానికి. వానాకాలం చివర్లో వెళితే ఇసుక వాలుగా కాక కత్తితో కోసినట్టు నిటారుగా తెగి కనిపిస్తుంది. బీచిలోకి దిగే మెట్లలో చివరి మెట్టు కింద ఇసుక కొట్టుకుపోయి ఆ మెట్టు గాలిలో నిలబడి ఉంటుంది. కొబ్బరిచెట్ల వేళ్లు పీచుతో సహా బయటపడతాయి. అలలు తేలికైన ఇసుకను తీసుకుపోగా బరువైన ఖనిజాలు మిగిలి, ఒడ్డు పొడవునా నల్లని చారలు, అక్కడక్కడ గార్నెట్ వల్ల ఊదా ఎరుపు చారలు ఏర్పడతాయి. ఆ చారలు చిక్కగా ఉన్నచోట కోత ఇటీవలే జరిగిందని అర్థం చేసుకోవచ్చు.

దీనికి కారణం వెనక్కి, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిరిగి చూస్తే తెలుస్తుంది. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. ఆ దారికి అడ్డంగా ఓడరేవు వచ్చింది. 1933లో లోపలి రేవు ప్రారంభమైన రోజుల్లో కాలువ ముఖాన్ని కాపాడడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి వాటినే అడ్డుకట్టగా వాడుకున్నారు. 1970లలో వెలుపలి రేవు కోసం పొడవైన రాతి కట్టలు వెలిశాయి. ఇసుక ఆ కట్టలకు అవతలే ఆగిపోవడంతో ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి రావలసిన వాటా రావడం లేదు. అందుకే రేవు దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి, గొట్టాల ద్వారా ఈ ఒడ్డు మీద పోయడం ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. మనం తొక్కుతున్న రోడ్డు పక్కన కనిపించే ఇసుకలో ఎంతో కొంత అలా పోసినదే. ఈ సంగతి తెలిశాక బీచిని చూసే చూపు మారుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో రోడ్డే పదేపదే తెగిపోతుండడంతో పోలిస్తే విశాఖ అదృష్టవంతురాలే.

లాసన్స్ బే, పెద జాలారిపేట దాటాక రోడ్డు కైలాసగిరి పాదాన్ని ఒరుసుకుంటూ కొద్దిగా ఎత్తెక్కుతుంది. తెన్నేటి పార్కు దగ్గర సైకిలు ఆపి రెయిలింగు దగ్గరికి వెళితే కింద రాళ్ల మధ్య కూరుకుపోయిన ఓడ కనిపిస్తుంది. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం సమయంలో, లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ ఒడ్డున ఇరుక్కుపోయింది. పొడవు సుమారు 80 మీటర్లు. సిబ్బంది 15 మందీ క్షేమంగా బయటపడ్డారు. తిరిగి నీటిలోకి లాగే ప్రయత్నాలు ఫలించకపోవడంతో దానిని అక్కడే ఉంచి రెస్టారెంటుగా మారుస్తామని పర్యాటక శాఖ ప్రకటించింది. ఏళ్లు గడిచినా అందులో కాఫీ తాగినవారు లేరు. నేను చూసేసరికి నీటి మట్టానికి పైన రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, కింద తుప్పు ఎర్రటి పొరలుగా ఊడుతూ ఉంది. అల వచ్చి రాళ్లకూ ఓడకూ మధ్య ఇరుక్కున్నప్పుడు ఖాళీ డ్రమ్మును గుద్దినట్టు శబ్దం వస్తుంది. నిజానికి అందులో రెస్టారెంటు రాకపోవడమే మంచిదని నాకనిపించింది, కాకపోతే ఆ తుప్పంతా సముద్రంలోకే పోతోందన్న బాధ ఉంది. ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగేవారు ఎప్పుడూ ఉంటారు. నాచు పట్టిన ఆ రాళ్లు ఎంత జారుడుగా ఉంటాయంటే సైకిలు బూట్లతో దిగడం అవివేకం.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ మీదుగా సాగే మధ్యభాగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రోడ్డు బాగుంది, రిసార్టులు ఎక్కువ, సెలవు రోజుల్లో కార్లు మరీ ఎక్కువ. తొట్లకొండ బౌద్ధారామం చూడాలంటే పక్కకు తిరిగి కొండెక్కాలి. తేలికైన దారి అన్న మాట ఆ మలుపుకు వర్తించదు. మంగమారిపేట దగ్గర సముద్రం చెక్కిన సహజ శిలాతోరణాన్ని మాత్రం వదలవద్దు. ఆటు సమయంలో వెళితేనే దాని దగ్గరికి నడవగలం కాబట్టి ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోవాలి.

భీమిలికి కొద్దిగా ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఇక్కడ కోత కోసేది సముద్రం కాదు, వాన. వేల ఏళ్ల కిందట గాలి పోసిన ఇసుక ఇనుము ఆక్సైడు పూతతో ఎర్రబడి గట్టిపడగా, వాన నీరు దానిలో లోతైన వాగులు తవ్వింది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. గోడను వేలితో గీరితే పొడి రాలుతుంది, అంత మెత్తనిది. అందుకే లోపలికి సైకిలు తీసుకుపోకుండా రోడ్డు మీదే తాళం వేసి నడిచి వెళ్లాలని గట్టిగా చెబుతున్నాను. చక్రం జాడ మరుసటి వానకు కాలువవుతుంది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమిలి నిదానంగా ఉంటుంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఈ ఊళ్లో డచ్చివారి సమాధులు, గడియార స్తంభం చూసి, వేడి ఇడ్లీ తిని, కొబ్బరిబొండాం తాగాక తిరుగు ప్రయాణం గురించి ఆలోచించవలసి ఉంటుంది. ఈ దారిలోని ఏకైక కష్టం అదే. వేసవిలోనూ నైరుతి రుతుపవనాల కాలంలోనూ గాలి ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపు తట్టిన గాలే వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. పైగా ఎనిమిది దాటితే ఎండ, ఉక్కపోత. కొత్తవారు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లడం మేలు.

అద్దె సైకిలు తీసుకునేవారికి ఒక హెచ్చరిక. నేను తీసుకున్న దానికి ఉప్పుగాలికి చైను తుప్పు పట్టి, ఎత్తు వచ్చినప్పుడల్లా గేరు జారిపోయింది. దుకాణదారును అడిగితే సముద్రం పక్కన అంతేనండి అన్నాడు. డబ్బు ఇచ్చే ముందే చైను, బ్రేకులు చూసుకోవాలి. రుషికొండ దాటాక పంక్చరు వేసే దుకాణాలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి పంపు, ట్యూబు వెంట ఉంచుకోవాలి. సైకిళ్లకంటూ వేరే బాట ఈ దారి పొడవునా లేకపోవడం, రుషికొండ నుంచి భీమిలి దాకా నీడ దాదాపు లేకపోవడం ప్రధాన లోపాలు. ఐదు మార్కులకు మూడున్నర వేస్తాను. పిల్లలతో వెళ్లేవారు తెన్నేటి పార్కు దాకా వెళ్లి వెనుదిరిగితే నాలుగు.