పాపికొండల బోటు పొగకు విరుగుడు: క్రెడిట్లా, మొక్కలా, సోలారా... ఏది మేలు?

ఏటా కార్తీకంలో మా బంధువులం ముప్పై మందిమి హైదరాబాద్ నుంచి పాపికొండలు వెళ్తాం, బోటు మొత్తం మాట్లాడేసుకుంటాం. ఈసారి వాట్సాప్ గ్రూపులో మేనకోడలు ఒక మెసేజ్ పెట్టింది: "మామయ్యా, ఆ బోటు అంత నల్లపొగ వదులుతోంది, దానికి బదులు మనం ఏదో ఒకటి చేయాలి కదా?" అంతే, గ్రూపు రెండుగా చీలిపోయింది. తలా వందేసుకుని కార్బన్ క్రెడిట్లు కొనేద్దామని కుర్రాళ్లు, నాలుగు మొక్కలు నాటితే పోలా అని పెద్దవాళ్లు.

అసలు పొగ ఎంతో తెలియకుండా విరుగుడు దేనికి? లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన బోటు రోజంతా తిరిగి వంద లీటర్లు తాగిందనుకుందాం, 270 కిలోలు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మేం ఎనిమిది కార్లలో వెళ్తాం. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, అక్కడి నుంచి బోటు ఎక్కే రేవు, రానూపోనూ 900 కిలోమీటర్లకు తక్కువ కాదు. లీటరుకు పదిహేను చొప్పున వేసుకున్నా ఒక్కో కారుకు 60 లీటర్ల పెట్రోలు, అంటే 140 కిలోల దాకా. ఎనిమిది కార్లకు కలిపి 1,100 కిలోలు! మొత్తం దాదాపు 1.4 టన్నుల్లో బోటు వాటా ఐదో వంతే. అందరం బోటు పొగ చూసి ముక్కు మూసుకున్నాం గానీ, ఏసీ వేసుకుని కూర్చున్న కార్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

సరే, క్రెడిట్ల సంగతి. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను, ఎక్కడో ఎవరో ఆ మేరకు పొగ తగ్గించారని కాగితం. ఫోన్‌లో ఐదు నిమిషాల పని, అందుకే కుర్రాళ్లకు నచ్చింది. చిక్కల్లా ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే. పల్లెల్లో మెరుగైన పొయ్యిలు పంచి వాటి మీద అమ్మిన క్రెడిట్లను అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టి 2024లో ప్రచురించారు, నిజంగా తగ్గినదాని కంటే సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ చూపించారని తేలింది. క్రెడిట్లున్నా లేకపోయినా ఎలాగూ కట్టేసే గాలిమరల పేరుతో అమ్మే క్రెడిట్లు కూడా ఇలాంటివే, మన డబ్బు వల్ల అక్కడ కొత్తగా ఒరిగిందేమీ ఉండదు.

మొక్కలంటే నాకూ ఇష్టమే. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి ఇరవై కిలోలు పీల్చుకుంటుందని మామూలుగా చెప్పే లెక్క. ఆ లెక్కన మా ఒక్క ట్రిప్పుకు ఏడు చెట్లు పదేళ్లు బతకాలి. అవి ఎదగడానికే కొన్నేళ్లు పడుతుంది, పొగ మాత్రం ఆదివారం సాయంత్రానికే గాల్లో కలిసిపోయింది. పైగా ఫొటో దిగాక మే నెలలో ఆ మొక్కకు నీళ్లు పోసేదెవరు? నాటడమే కావాలంటే నా ఓటు కాకినాడ దగ్గరి కోరంగి వైపు మడ అడవులకు. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి రాలిన ఆకు, కుళ్లిన వేరు త్వరగా కరిగిపోవు, వాటిలోని కార్బన్ వందల ఏళ్లు అడుగునే ఉండిపోతుంది. తుపానుకు అడ్డు నిలబడతాయి, చేపపిల్లలకు నీడ. అయితే ఆటుపోటు నీరు రాని చోట ఎన్ని నాటినా చచ్చిపోతాయి. అందుకే గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ముందు నీరు పారేలా చేశారు. ఇది తెలిసినవాళ్లు చేసే పని, మనం డబ్బివ్వడమే మంచిది. మన పారలతో వెళ్తే పాడు చేసి వస్తాం.

సోలార్ బోటు? కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి 'ఆదిత్య' అనే 75 సీట్ల సోలార్ ఫెర్రీ నడుస్తోంది, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అది తీరం పక్క నిలకడ నీళ్ల మీద చిన్న దూరం. మన గోదావరిలో రోజంతా తిరగాలంటే కప్పు మీది పలకలు చాలవు, ఒడ్డున కరెంటుతో చార్జింగ్ పెట్టుకోవాలి. మన దేశంలో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తోంది, ఎందుకంటే సగానికి పైగా ఇంకా బొగ్గుదే. వంద లీటర్ల డీజిల్ పనికి నాలుగు వందల యూనిట్లు పట్టినా 280 కిలోలు, అంటే ఎక్కడి గొంగళి అక్కడే. చప్పుడు, వాసన మాత్రం పోతాయి, అదేం చిన్న సుఖం కాదు.

ఇక ఎవరూ అడగని సంగతి: వేగం. నిలకడ నీటిలో వేగం ఐదో వంతు తగ్గిస్తే అదే దూరానికి ఇంధనం మూడో వంతు దాకా మిగులుతుంది. మేం వెళ్లేదే కొండలు చూడటానికి, సరంగును తొందరపెట్టడం దేనికి? ఆ డీజే కోసం నడిపే జనరేటర్ కూడా ఆపిస్తే నేనైతే వందకు బదులు రెండొందలు ఇస్తాను.

నా లెక్క ఇదీ: రైల్లో వెళ్లాలి, బోటు నెమ్మదిగా పోనివ్వాలి, మిగిలినదానికి మడ అడవులకు చందా. క్రెడిట్లు ఆఖరున. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి, అక్కడి నుంచి రేవు దాకా ఒక బస్సు మాట్లాడుకోవచ్చు. పెద్ద మామయ్య మాత్రం "నా కారు లేకుండా నేను రాను" అని భీష్మించారు, ఆయన సంగతి మా అత్త చూసుకుంటుంది. టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు, ఒక్కో టికెట్ మీద ఆరుగురే, కాబట్టి ఐదుగురు పొద్దున్నే ఎనిమిదింటికల్లా ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. పేర్లు, వయసులు ఇప్పుడే గ్రూపులో పెట్టండి.