రక్తపు వాంతులకు ఎండోస్కోపీ: మత్తు మేలా, మెలకువ మేలా?

"ఏటి బాబూ, మత్తివ్వకుండానే గొట్టం దింపేత్తారా?"

విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పోవాలా, ఆరిలోవ వైపు ప్రైవేటుకా అని దారంతా తర్జనభర్జన పడి, అర్ధరాత్రి అంబులెన్స్ దిగిన వాళ్లు మత్తు డాక్టరునని తెలియగానే నన్ను అడిగేది ఇదే. గ్యాస్ నొప్పికని పగటిపూట ఎండోస్కోపీ చేయించుకున్న చుట్టమెవరో "నిద్రలోనే అయిపోయింది" అని చెప్పే ఉంటారు. అక్కడా ఇక్కడా గొట్టం ఒకటే. కడుపే వేరు.

రక్తం కక్కుతున్న మనిషి పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టకపోయినా అతని కడుపు ఖాళీగా ఉండదు, రక్తం నిండి ఉంటుంది. మత్తు ముదిరితే దగ్గు రాదు. పైకి తన్నిన రక్తం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నా టెన్షనంతా దాని గురించే. ఆపైన బీపీ. రక్తం పోయి అప్పటికే పడిపోయిన బీపీని మత్తు ఇంకాస్త కిందికి లాగుతుంది.

అలాగని మెలకువలో చేస్తే అన్నీ క్షేమమేనా? విరేచనం తారులా నల్లగా పోతూ, వాంతులు ఆగి, చెప్పిన మాట వినే మనిషైతే గొంతులో తిమ్మిరెక్కించే స్ప్రే కొట్టి చూసేయొచ్చు. ముసలివాళ్లలో చాలామంది మనం అనుకున్నదానికంటే బాగా ఓర్చుకుంటారు. కానీ రక్తం ఆపడానికి పుండుకు క్లిప్ వేస్తున్నప్పుడో, ఉబ్బిన సిరకు బ్యాండు వేస్తున్నప్పుడో మనిషి గొట్టం పీకేయబోతే, ఆ మెలకువే ప్రమాదం.

మత్తు ఇవ్వాల్సే వస్తే మిడజోలమా, ప్రొపొఫాలా? మిడజోలం నెమ్మదైనది, తేడా వస్తే ఫ్లుమజెనిల్ అనే విరుగుడు ఉంది. అందుకే పుండు నుంచి రక్తం పోతూ బీపీ నిలకడగా ఉన్నవాళ్లకు కొద్ది మోతాదులో అదే వాడతాను. లివర్ గట్టిపడిన సిరోసిస్ రోగికి మాత్రం చెయ్యి వెనక్కి తీస్తాను. పాడైన లివర్ ఆ మందును త్వరగా వదిలించుకోలేదు. మర్నాటికీ మగతగానే ఉంటే, అది మందువల్లో, లివర్ జబ్బు మెదడుకెక్కడంవల్లో తేల్చడం కష్టం. రోజూ తాగే అలవాటున్నవాళ్లలో కొందరు మిడజోలంతో నిద్రపోకపోగా గోల చేస్తారు. అలాంటివాళ్లకు ప్రొపొఫాలే నయం. ఎక్కించిన నిమిషంలోపే నిద్ర, ఆపిన కొద్ది నిమిషాలకే తెలివి. అయితే బీపీని గభాలున దించుతుంది, ఊపిరిని ఆపగలదు, విరుగుడు లేదు. గొట్టం పట్టుకున్న డాక్టరు కాకుండా ఊపిరి చూసుకోవడానికే వేరే మనిషి ఉంటే తప్ప ప్రొపొఫాల్ జోలికి పోకూడదు.

బొళబొళా రక్తం కక్కుతున్నా, తెలివి తప్పుతున్నా ఈ బేరీజు అనవసరం. ముందు శ్వాసనాళంలో ట్యూబు వేసి, ఆ తర్వాతే ఎండోస్కోపీ. మరైతే అందరికీ ట్యూబు వేసేస్తే పోలేదా అంటే, కాదు. అవసరం లేనివాళ్లకు వేస్తే న్యుమోనియా పెరిగినట్టు కనిపించిన అధ్యయనాలు ఉన్నాయి.

ఇంకో మాట. "ఇంకా లోపలికి తీసుకెళ్లరేంటి?" అని బయట అరుపులు వినిపిస్తుంటాయి. 2020లో వెలువడిన హాంకాంగ్ అధ్యయనంలో, రక్తం పోయి బీపీ పడిపోయే షాక్‌లో లేని 516 మందిని చూస్తే, 6 గంటల్లోపే ఎండోస్కోపీ చేసినవాళ్లలో మరణాలేమీ తగ్గలేదు. ఆ వ్యవధిలో సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కించి బీపీ నిలబెడతాం. పరీక్షకు అరగంట, గంట ముందు ఎరిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు సిరలోకి ఇస్తే కడుపులోని రక్తం కిందికి దిగి, మత్తూ కాస్త భద్రమవుతుంది, లోపలా స్పష్టంగా కనిపిస్తుంది.

మీరు నాకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కట్టుడు పళ్లున్నాయా, రాత్రి గురక పెడతాడా, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు మాత్రలు ఎన్నాళ్లుగా మింగుతున్నాడు, ఆఖరుసారి ఎప్పుడు తాగాడు. ఈ చివరిది ఇంటావిడ ముందు చెప్పలేకపోతే నన్ను పక్కకు పిలవండి.